వంపు తిరిగే బంతి: బర్మింగ్‌హామ్‌లో ఎనిమిది రోజులు

2025 నవంబర్ 26న, 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లోనే అని ఖాయమైన రోజు, ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో ఉన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, ఇప్పుడేమంటావ్?" అన్నాడు. బ్రిటిష్ సామ్రాజ్యం పేరుతో మొదలైన ఈ ఆటలు మనకింకా అవసరమా అన్న మూడేళ్ళ కిందటి మా వాదన వాడింకా మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. 2022 ఆగస్టులో ఈఎల్స్ (జీతంతో సెలవులు) పెట్టుకుని, విదేశం వెళ్ళే అనుమతి (ఎన్‌ఓసీ) కోసం ఆఫీసు చుట్టూ తిరిగి, వాడింటికి వెళ్ళి బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు చూసొచ్చాను. ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో పిల్లల చేత ఆటలాడించే ఉద్యోగం నాది. ఒక్కసారైనా ఇలాంటి పోటీలు గ్యాలరీలో కూర్చుని చూడాలని ఎప్పట్నుంచో కోరిక. అక్కడ రోజూ రాత్రి పడుకునే ముందు రాసుకున్న నోట్‌బుక్ తీసి, దాన్నిబట్టే ఇది రాస్తున్నాను.

ఆగస్టు 1, సోమవారం

మధ్యాహ్నానికి దిగాను. తమ్ముడు నేరుగా ఊరి మధ్యకి తీసుకెళ్ళాడు. ఎక్కడ చూసినా ఈ క్రీడల మస్కట్ పెర్రీ అనే రంగురంగుల ఎద్దు బొమ్మలే, దారి చూపించే వాలంటీర్లే. విక్టోరియా స్క్వేర్‌కి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. అక్కడి విక్టోరియా రాణి విగ్రహం చుట్టూ ఒక పడవ కట్టారు. ఆ పడవలో ఆమెలాంటివే చిన్న చిన్న విక్టోరియాలు, తలకి శిరస్త్రాణాలతో నిలబడి ఉన్నాయి. సరుకు ఎక్కించి దేశదేశాలకు పంపుతున్నట్టుంది ఆ దృశ్యం. గయానాలో పెరిగిన హ్యూ లాక్ అనే శిల్పి ఈ క్రీడల సందర్భంగానే చేసిన పని అది. విశాఖ పాత ఊళ్ళో మార్కెట్ దగ్గరున్న విక్టోరియా విగ్రహం గుర్తొచ్చింది. అది కూడా ఇలాగే ఓడెక్కి వచ్చి ఉంటుంది కదా అనిపించింది.

"చూశావుగా అక్కా. వీళ్ళ ఊళ్ళోనే వీళ్ళ రాణిని ఇలా నిలబెట్టి ప్రశ్నిస్తున్నారు. మనమేమో వీళ్ళు మొదలుపెట్టిన ఆటలకి ఏడు సముద్రాలు దాటి వచ్చి చప్పట్లు కొట్టాలా?" అన్నాడు తమ్ముడు. వాడి మాటలో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్ళాక మాట్లాడదాం అన్నాను.

ఇంటికెళ్ళేసరికి వార్త. లాన్ బౌల్స్‌లో మన అమ్మాయిల నలుగురి జట్టు సెమీఫైనల్లో న్యూజిలాండ్‌ని 16-13తో ఓడించింది. మర్నాడే ఫైనల్. తమ్ముడు ఆ రాత్రే కూర్చుని రెండు టికెట్లు సంపాదించాడు.

ఆగస్టు 2, మంగళవారం

లెమింగ్టన్ స్పా బర్మింగ్‌హామ్‌కి దక్షిణంగా ఉండే చిన్న ఊరు. విక్టోరియా పార్కులో (ఇక్కడా ఆ పేరే) దువ్వెనతో దువ్వినట్టున్న పచ్చిక మీద ఆట. చుట్టూ తెల్ల టోపీలు పెట్టుకున్న పెద్దవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు తాము వెళ్ళిన చోటల్లా పరిచిన ఆట ఇది. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదటి బ్రిటిష్ ఎంపైర్ గేమ్స్ జరిగినప్పటి నుంచీ, 1966లో తప్ప ప్రతిసారీ ఉంది. ఒలింపిక్స్‌లో లేదు.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. ముందు జాక్ అనే చిన్న బంతిని దొర్లించి దూరంగా ఆపుతారు. తర్వాత రెండు జట్లూ పెద్ద బంతుల్ని ఒకదాని తర్వాత ఒకటి దొర్లించి, జాక్‌కి ఎవరు ఎంత దగ్గరగా ఆపగలరో చూస్తారు. కిటుకంతా పెద్ద బంతిలో ఉంది. అది పూర్తి గుండ్రంగా ఉండదు, రెండు పక్కలూ సమానంగా చెక్కి ఉండవు. కాబట్టి వదిలినప్పుడు తిన్నగా వెళ్తున్నట్టే కనిపిస్తుంది. వేగం తగ్గే కొద్దీ ఒక పక్కకి వంపు తిరుగుతుంది. ఎటు తిరుగుతుందో తెలియడానికి బంతికి ఒక వైపు చిన్న గుర్తు, రెండో వైపు పెద్ద గుర్తు ఉంటాయి. చిన్న గుర్తు ఎటుంటే వంపు అటు. గురి చూసి వదిలితే తప్పిపోతుంది. పక్కకి ఎంత దూరంలో వదలాలో లెక్క వేసుకోవాలి. మా వెనక కూర్చున్న పెద్దావిడ ఇదంతా ఓపిగ్గా చెప్పింది. చెప్పిన ప్రతిదానికీ చేత్తో గాలిలో గీత గీసి చూపించింది.

ప్రత్యర్థి దక్షిణాఫ్రికా. మన వాళ్ళు నలుగురూ వరుసగా లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, స్కిప్‌గా (జట్టు నాయకురాలిగా) రూపా రాణి తిర్కీ. మొదట్లో మనం బాగా ముందుకెళ్ళాం. సగం దాటాక వాళ్ళు పుంజుకుని మనల్ని దాటేశారు కూడా. గ్యాలరీలో నాకు చెమటలు పట్టాయి. ఆడే పచ్చిక మీద మాత్రం ఎవరూ కంగారు పడలేదు. నయన్‌మోని బంతి వేసే ముందు దాన్ని చేతిలో ఒకసారి తిప్పి, గుర్తు ఎటుందో వేలితో తడిమి చూసుకుంది. రూపా రాణి అవతలి చివర నుంచి పరిగెత్తుకొచ్చి జాక్ పక్కన వంగి, ఖాళీ ఎంతుందో అరచేతులతో చూపించింది. తర్వాత వేసిన బంతి ఎక్కడికో పోతోందనుకున్నాను. పోతూ పోతూ మెల్లగా తిరిగి, ఎవరో పిలిచినట్టు జాక్ దగ్గరికొచ్చి ఆగింది. చివరికి 17-10. ఈ ఆటలో భారత్‌కి వచ్చిన మొట్టమొదటి పతకమే బంగారం.

తిరుగు రైల్లో వాళ్ళ గురించి ఫోన్లో చదువుతూ ఉండిపోయాను. లవ్లీ జార్ఖండ్ పోలీసు శాఖలో కానిస్టేబుల్. నయన్‌మోని అస్సాం అటవీ శాఖలో కానిస్టేబుల్. రూపా రాణి జిల్లా క్రీడాధికారి. పింకీ ఢిల్లీలో ఒక స్కూల్లో పీఈటీ, నాలాగే. 2010లో ఢిల్లీలో ఇవే క్రీడలు జరిగినప్పుడే మన దేశం లాన్ బౌల్స్‌లో మొదటిసారి జట్టును దించింది. పన్నెండేళ్ళ తర్వాత ఇదిగో ఈ పతకం. వీళ్ళకి ఒలింపిక్స్ లేవు, ఐపీఎల్ లాంటివి లేవు, ఇంత పెద్ద వేదిక ఇంకోటి లేదు. తమ్ముడికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు.

ఆగస్టు 3, బుధవారం

పొద్దున ఒక్కదాన్నే హ్యాండ్స్‌వర్త్‌కి వెళ్ళాను. సోహో రోడ్డంతా పంజాబీ బోర్డులు. పక్క సందులో మాథ్యూ బౌల్టన్ అనే పారిశ్రామికవేత్త ఇల్లు, సోహో హౌస్. తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. దాన్ని చూడాలనుకోవడానికి నాకో కారణం ఉంది. బౌల్టన్ 1788లో ఇక్కడ పెట్టిన టంకశాలలో, జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాల బలంతో ఈస్టిండియా కంపెనీకి రాగి నాణేలు కొట్టించాడు. వాటిలో 1794, 1797 నాణేలు ఉత్తర సర్కారుల కోసం చేసినవి. అంటే మన కోస్తా జిల్లాల కోసం. రూపాయికి నలభై ఎనిమిదో వంతు. ఒక వైపు సింహాలున్న కంపెనీ చిహ్నం, రెండో వైపు గుండె ఆకారంలో కంపెనీ ముద్ర. మన వాళ్ళు డబ్బు అన్నది ఇలాంటి రాగి నాణేన్నే. మా తాతయ్య ఇనప్పెట్టెలో అరిగిపోయిన నాణెం ఒకటి ఉండేది. చిన్నప్పుడు దాన్ని బొటనవేలితో రుద్దుతూ ఆడుకునేదాన్ని.

ఆ గేటు దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాను. మన దగ్గర పన్ను వసూలు చేయడానికి వాడిన నాణెం ఈ వీధిలో పుట్టింది. రోజూ నోటితో అనే మాటలో కూడా ఆ పాలన ఉంది. దాన్ని కడుక్కుని పోవడం కుదరదు. అది ఉందని తెలుసుకుని మాట్లాడటం కుదురుతుంది. క్రీడల విషయంలోనూ నాకు ఇదే అనిపించింది.

సాయంత్రం ఎడ్జ్‌బాస్టన్‌లో భారత్, బార్బడోస్ అమ్మాయిల టీ20 మ్యాచ్. అమ్మాయిల క్రికెట్‌కి ఈ క్రీడల్లో చోటు దక్కడం ఇదే మొదటిసారి. అసలు ఈసారి పతకాల ఈవెంట్లే అమ్మాయిలకి 136, అబ్బాయిలకి 134. ఇంత పెద్ద బహుళ క్రీడా పోటీల్లో అమ్మాయిల ఈవెంట్లు ఎక్కువ ఉండటం అదే మొదలు.

క్రికెట్లో మామూలుగా వెస్టిండీస్ అనే పేరే వింటాం. ఇక్కడ ఏ దీవికి ఆ దీవి జెండా. పక్క సీట్లో తెల్లజుట్టు పెద్దాయన భుజాల మీద బార్బడోస్ జెండా కప్పుకుని కూర్చున్నాడు. నీలం, పసుపు, మళ్ళీ నీలం, మధ్యలో నల్లటి త్రిశూలం. యాభై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాడట, బస్సు నడిపి రిటైరయ్యాడట. "దీని కర్ర చూశారా, కింద విరిగి ఉంటుంది. బ్రిటన్ నుంచి తెగిపోయామని గుర్తు" అని జెండా అంచు పట్టుకుని చూపించాడు. 2021 నవంబర్ 30న బార్బడోస్ బ్రిటన్ రాణిని దేశాధినేత పదవి నుంచి తప్పించి గణతంత్రమైంది. ఎనిమిది నెలలకే ఇక్కడికొచ్చి ఆడుతోంది. మరి ఈ ఆటలకి రావడం ఇబ్బందిగా లేదా అని అడిగాను. "రాణి కోసం రాలేదమ్మా, మా పిల్లల కోసం వచ్చాను. వెస్టిండీస్ జట్టులో మా జెండా కనిపించదు. ఇక్కడ కనిపిస్తుంది" అన్నాడు.

మ్యాచ్ మాత్రం ఏకపక్షం. జెమీమా 56 నాటౌట్, మనం 162. రేణుకా సింగ్ బంతి లోపలికి తిప్పుతుంటే వాళ్ళు ఒకరి వెనక ఒకరు వెనుదిరిగారు. నాలుగు వికెట్లు, పదే పరుగులు. వంద పరుగుల తేడాతో గెలిచాం. పెద్దాయన చివరి బంతి దాకా లేవలేదు, జెండా మడవలేదు.

ఆగస్టు 4, 5

ఈ రెండు రోజులూ ఎక్కువ తిరగలేదు. రాత్రుళ్ళు తమ్ముడితో వాదనే. "పేరు మార్చినంత మాత్రాన చరిత్ర మారదు కదా" అన్నాడు. నిజమే. ఎంపైర్ గేమ్స్, ఎంపైర్ అండ్ కామన్వెల్త్ గేమ్స్, బ్రిటిష్ కామన్వెల్త్ గేమ్స్ అయ్యాక, 1978 నుంచి ఉత్త కామన్వెల్త్ గేమ్స్. ఎంపైర్, బ్రిటిష్ అన్న రెండు మాటల్నీ వదిలించుకోవడానికే నలభై ఎనిమిదేళ్ళు పట్టింది.

నేను వాడికి రెండు సంవత్సరాలు గుర్తు చేశాను. 1934 పోటీలు జొహానెస్‌బర్గ్‌లో జరగాల్సింది. అక్కడ నల్లవాళ్ళనీ ఆసియావాళ్ళనీ ఎలా చూస్తారోనన్న భయంతో లండన్‌కి మార్చారు. మన దేశం మొదటిసారి పాల్గొన్నది అప్పుడే, కుస్తీలో రషీద్ అన్వర్ కాంస్యం తెచ్చాడు. ఇక 1986 ఎడిన్‌బరో. వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికా మీద ఆంక్షలకి బ్రిటన్ ప్రధాని థాచర్ ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో 59 దేశాల్లో 32 వెళ్ళలేదు. మనమూ వెళ్ళలేదు. బ్రిటన్‌ని దాని సొంత గడ్డ మీద, దాని సామ్రాజ్యం పేరుతో మొదలైన వేదికతోనే నిలదీశారు. వేదికే లేకపోతే దాన్ని బహిష్కరించి నిలదీసే వీలూ ఉండదు కదా అన్నాను. "అది బాగుందక్కా, కానీ బహిష్కరించడానికి పనికొస్తుందని ఆటలు పెట్టుకోం" అన్నాడు. వాడి మాటా కొట్టిపారేసేది కాదు.

5న కాసేపు సెంటినరీ స్క్వేర్‌కి వెళ్ళాం. ప్రారంభోత్సవంలో వాడిన పది మీటర్ల యంత్రపు ఎద్దుని అక్కడ పెట్టారు. ఆ వేడుకలో దాన్ని గొలుసులతో లాక్కొచ్చింది ఆడవాళ్ళు. ఈ చుట్టుపక్కల క్రాడ్లీ హీత్‌లో ఇంటి వెనక పాకల్లో కొలిమి పెట్టుకుని గొలుసులు చేసిన ఆడవాళ్ళు 1910లో కూలీ పెంచమని వారాల తరబడి సమ్మె చేసి గెలిచారు. వాళ్ళ గుర్తుగా అలా చేశారు. జనం ఎద్దుతో ఫొటోలు దిగుతున్నారు. నేను దాని మెడ కింద అతుకుల్ని, మరల్ని చూస్తూ నిలబడ్డాను.

ఆగస్టు 6, శనివారం

పొద్దున్నే పెర్రీ బార్‌లోని అలెగ్జాండర్ స్టేడియం. టికెట్ ఉంటే ఆ రోజు బస్సులు, రైళ్ళు ఉచితం. నేను చూడ్డానికి వెళ్ళింది ఒక్క పరుగు కోసం, మూడు వేల మీటర్ల స్టీపుల్‌చేజ్. ఇరవై ఎనిమిది అడ్డంకులు, ఏడు నీటి గుంటలు. 1998 నుంచీ ఈ క్రీడల్లో దీని మూడు పతకాలూ కెన్యావాళ్ళవే. ఇంకెవరూ ముట్టుకోలేదు. ముందు నెల్లో అమెరికాలోని యూజీన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన అవినాష్ సాబ్లే పదకొండో స్థానంలో వచ్చాడు.

చివరి ల్యాప్ గంట మోగేసరికి నేను లేచి నిలబడ్డాను. సాబ్లే వదల్లేదు. చివరి అడ్డంకి దాటాక కెన్యా కుర్రాడు అబ్రహం కిబివోట్‌కీ అతనికీ మధ్య గాలి కూడా దూరనంత దగ్గర. గీత దాటాక ఎవరు గెలిచారో కంటికి తెలియలేదు. బోర్డు మీద పడింది: కిబివోట్ 8 నిమిషాల 11.15 సెకన్లు, సాబ్లే 8 నిమిషాల 11.20. సెకనులో ఇరవయ్యో వంతు తేడా, కొత్త జాతీయ రికార్డు. సాబ్లే మహారాష్ట్రలోని బీడ్ జిల్లా రైతు కొడుకు, సైన్యంలో జవాను. అతని షూలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ఇవి రెండో రకం పోటీలని తేలిగ్గా తీసేసేవాళ్ళు ఆ పరుగు చూసి ఉండాల్సింది. స్టీపుల్‌చేజ్‌లో కెన్యా ఇక్కడే ఉంది. స్ప్రింట్లలో జమైకా, ఈతలో ఆస్ట్రేలియా ఇక్కడే ఉన్నాయి.

ఆగస్టు 7, ఆదివారం

ఎన్‌ఈసీ అనే ప్రదర్శనశాలలో బాక్సింగ్. లోపలికెళ్ళే వరుసలో మా ముందు ఒక కుటుంబం చేతిలో పసుపు జెండా ఉంది, మూలన బ్రిటన్ జెండా. ఏ దేశమో పోల్చుకోలేకపోయాను. అడిగితే "నియూ" అన్నారు. పసిఫిక్‌లో ఒక దీవి, జనాభా రెండు వేలైనా ఉండదు. మా మండలంలో ఒక మోస్తరు ఊరంత. వాళ్ళ బాక్సర్ డ్యూకెన్ టుటకిటోవా-విలియమ్స్‌కి హెవీవెయిట్‌లో కాంస్యం వచ్చింది. ఆ దేశానికి ఈ క్రీడల్లో మొట్టమొదటి పతకం. ఒలింపిక్స్‌లో నియూకి ప్రవేశమే లేదు. ఆ కుటుంబంలో చిన్న పిల్ల జెండా కర్రని రెండు చేతులతో పట్టుకుని వదలట్లేదు.

తమ్ముడికి నా జవాబు అక్కడే దొరికింది. ఈ క్రీడలు ఇంకా అవసరమా అని అడగాల్సింది లండన్‌లోనో ఢిల్లీలోనో కూర్చున్నవాళ్ళని కాదు. ఇవి లేకపోతే ఎవరికి ఏమీ మిగలదో వాళ్ళని అడగాలి. నియూ బాక్సర్ని, అస్సాం అటవీ కానిస్టేబుల్ని, బార్బడోస్ జెండా కప్పుకున్న పెద్దాయన్ని. వాళ్ళు వద్దంటే ఆపేద్దాం. వాళ్ళు కావాలంటే, మన గౌరవం నిలబెట్టుకోవడానికని వాళ్ళ మెట్టు తీసేసే హక్కు మనకి లేదు. చరిత్రని మాత్రం విక్టోరియా స్క్వేర్‌లో పెట్టినట్టు నడిబజార్లో పెట్టి మాట్లాడాలి, దాచిపెట్టి కాదు. వరుసలో నిలబడే ఇదంతా తమ్ముడికి చెప్పాను. "సరే, అడుగుదాం" అన్నాడు.

నిఖత్ జరీన్ ఫైనల్ నిజంగా పోటీలా లేదు. ఉత్తర ఐర్లాండ్ అమ్మాయి ముందుకొచ్చిన ప్రతిసారీ నిఖత్ పక్కకి జరిగి కొట్టింది. 5-0. నిజామాబాద్ అమ్మాయి మెడలో బంగారం, హాల్లో జనగణమన. నా గొంతు పూడుకుపోయి పాడలేకపోయాను.

రాత్రి తిరిగొస్తుంటే రైల్లో ఎదురుగా కూర్చున్న పాకిస్తాన్ కుర్రాళ్ళు ఒక్కసారిగా కేక వేశారు. అర్షద్ నదీమ్ జావెలిన్ 90.18 మీటర్లు. గాయంతో రాలేకపోయిన నీరజ్ పేరు వాళ్ళే ఎత్తారు. ఇద్దరూ ఉంటే ఎంత బాగుండేది అన్నారు. ఫోన్లో ఆ త్రో మాకూ చూపించారు. అటు ఎడ్జ్‌బాస్టన్‌లో మన అమ్మాయిలు ఆస్ట్రేలియా చేతిలో తొమ్మిది పరుగుల తేడాతో ఫైనల్ ఓడిపోయారు. ఆ బాధ గురించి రాయను.

ఆగస్టు 8, సోమవారం

పొద్దునే మళ్ళీ ఎన్‌ఈసీ, బ్యాడ్మింటన్ ఫైనల్. సింధు ఎడమ చీలమండకి పట్టీ. పరుగెత్తాల్సిన చోట కూడా ఒక్కోసారి ఆగిపోతోంది. అయినా కెనడా అమ్మాయి మిషెల్ లీకి అవకాశం ఇవ్వలేదు. 21-15, 21-13. సింగిల్స్‌లో ఆమెకి ఈ క్రీడల్లో తొలి బంగారం. తర్వాత అమలాపురం కుర్రాడు సాత్విక్, చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ గెలిచాడు. ఆ స్మాష్‌ల చప్పుడు టీవీలో వినే చప్పుడు కాదు. హాల్లో అది గుండెకి తగులుతుంది. రాత్రి విమానం ఎక్కాను.

ఆ తర్వాత జరిగినవి నోట్‌బుక్ చివరి పేజీల్లో అంటించుకున్నాను. సరిగ్గా నెలకి, సెప్టెంబర్ 8న, ఎలిజబెత్ రాణి చనిపోయింది. 2023 జులైలో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఖర్చు భరించలేమని 2026 క్రీడల నుంచి తప్పుకుంది. అదే ఏడాది సెప్టెంబర్లో బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ తప్పనిసరి ఖర్చులకి తప్ప డబ్బు లేదని ప్రకటించింది. దానికి పెద్ద కారణం క్రీడలు కాదు, ఆడ ఉద్యోగులకి చెల్లించాల్సిన సమాన వేతనాల బకాయిలు. ఎద్దుని లాగిన గొలుసుల ఆడవాళ్ళు గుర్తొచ్చి చాలాసేపు మనసు బాగోలేదు. 2026 పోటీలు గ్లాస్గోకి వెళ్ళాయి, పది క్రీడలకి కుదించి. కుస్తీ, బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్, హాకీ, క్రికెట్, స్క్వాష్ తీసేశారు. బర్మింగ్‌హామ్‌లో మన 61 పతకాల్లో 30 వీటిలో వచ్చినవే. కుదించక తప్పలేదంటే అర్థం చేసుకోగలను. కానీ ఏవి ఉండాలి, ఏవి పోవాలి అన్నప్పుడు ఆడేవాళ్ళ మాట ఎంత విన్నారన్నది నన్ను ఇంకా వేధిస్తోంది.

బౌల్స్ ఉంచారు. అహ్మదాబాద్‌లోనూ ఉంటుంది. బర్మింగ్‌హామ్ నుంచి ఇంటికొచ్చిన వారానికే వడ్రంగి చేత తుమ్మచెక్కతో నాలుగు బంతులు చేయించాను, ఒక పక్క కాస్త ఎక్కువ చెక్కమని చెప్పి. అది తప్పు కదండీ, గుండ్రంగా ఉండాలి కదా అని అతను రెండుసార్లు అడిగాడు. పచ్చిక లేదు కాబట్టి అసెంబ్లీ జరిగే సిమెంటు గచ్చు మీదే మొదలుపెట్టాం. మొదటి రోజు ఒక్క బంతీ జాక్ దగ్గరికి పోలేదు, అన్నీ ప్రహరీ గోడకే. మూడో రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి బంతిని చేతిలో తిప్పి, చెక్కిన పక్కని వేలితో తడిమి చూసుకుని, జాక్ ఉన్న వైపు కాకుండా కొళాయి వైపు గురిపెట్టి వదిలింది. అందరూ నవ్వారు. బంతి కొళాయి దాకా వెళ్ళలేదు.